జీరో చూసుకోండి సార్!

వరి కోతల రోజుల్లో మా గరిడేపల్లి వైపు బంకుకెళ్తే పెళ్లి భోజనాల బంతిలో నిలబడ్డట్టే. ముందు కోత మిషను, దాని వెనక ధాన్యం ట్రాక్టరు, ఆ వెనక బండి హ్యాండిల్‌కు రెండు డీజిల్ డబ్బాలు తగిలించుకున్న పెద్దమనిషి, చిట్టచివర నేను. నా వంతు వచ్చేసరికి బంకు కుర్రాడు అలవాటుగా అన్నాడు: "జీరో చూసుకోండి సార్!"

చూశాను. చూడకుండా ఎట్లా? జీరో చూడటంలో మనల్ని మించినవాళ్లు లేరు. ఓటేసే ముందు చూడంగానీ, పెట్రోలు పోసే ముందు మాత్రం మెడ జిరాఫీలా సాగుతుంది.

ఆ జీరో వెనక చాలా కథ ఉంది. ఏటా తూనికలు కొలతల శాఖ వచ్చి పంపు సరిచూసి సీలు వేస్తుంది. ఐదు లీటర్ల కొలపాత్రలో 25 మిల్లీలీటర్లకు మించి తేడా రాకూడదు. దగ్గుమందు మూతతో రెండున్నర మూతలు. అంతకు మించి తగ్గిందా, రోడ్డు మీద ధర్నా, ఫోనులో వీడియో, ఊళ్లో పంచాయితీ.

ఇక మన కాళ్ల కింద సంగతి. నేలలో పాతిన ట్యాంకులో పుస్తకం లెక్కకూ, గేజ్ రాడ్ ముంచి తీసిన లెక్కకూ తేడా వస్తే దాన్ని బంకు భాషలో 'వేరియేషన్' అంటారు. ఎంత ముద్దుపేరో చూడండి! కారడం కాదు, పోవడం కాదు, వేరియేషన్. ఆయిల్ కంపెనీల నియమావళి ప్రకారం ట్యాంకులో ఉన్న సరుకు మీద 4 శాతం దాకా అటూఇటూ అయితే అడగరు. 20 వేల లీటర్లుంటే 800 లీటర్లు. న్యాయంగా చెప్పాలంటే పెట్రోలు ఎండకు సాగుతుంది, ఆవిరవుతుంది, రాడ్ పట్టిన చెయ్యి వణుకుతుంది. కాబట్టి వేరియేషన్ అంతా లీకు కాదు. కానీ ఓ చిన్న లీకు దాక్కోవాలంటే అంతకంటే మంచి అటక ఎక్కడ దొరుకుతుంది? నాజిల్ దగ్గర అర శాతానికి యుద్ధం, భూమి లోపల 4 శాతానికి శాంతి.

అమెరికావాళ్లకు ఈ జబ్బు మనకంటే ముందే తగిలింది. 1980లలో బావుల్లో పెట్రోలు వాసన కొడుతుంటే గగ్గోలెత్తి చట్టం చేశారు, 1988లో నిబంధనలు రాశారు. ట్యాంకు బిగువు పరీక్షకు వాళ్లు పెట్టుకున్న గీత గంటకు 0.1 గ్యాలన్. మన హోటల్ లెక్కలో నాలుగు చాయ్ గ్లాసులు. గంటకు నాలుగు చాయ్‌లు కారినా పరీక్ష పట్టుకోవాలి. నాలుగు చాయ్‌లేగా అనకండి, అదే రోజుకు 9 లీటర్లు, ఏడాదికి 3,300. ఇప్పటిదాకా వాళ్ల దేశంలో తేలిన లీకులు 5 లక్షలు దాటాయి. శుభ్రం చేయడానికి గ్యాలన్‌కు సెంటులో పదో వంతు పన్ను వేసి నిధి పెట్టారు. కారే ట్యాంకులకు వాళ్ల పొట్టిపేరు 'లస్ట్'. మోహమన్నమాట. మోహం పుట్టాక ఎక్కడిదాకా పోతుందో ఎవరికి తెలుసు?

మనకు చట్టం లేదా అంటే, భేషుగ్గా ఉంది. 2002 పెట్రోలియం నిబంధనలున్నాయి, లైసెన్సు ఇచ్చే పేలుడు పదార్థాల సంస్థ ఉంది, దాని పెద్దాఫీసు నాగపూర్‌లో ఉంది. ట్యాంకును వాడకంలో పెట్టకముందు పరీక్షించి సర్టిఫికెట్ తేవాలి. 2020 జనవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా కొత్త బంకులు బడికీ, ఆస్పత్రికీ, ఇళ్లకూ 50 మీటర్ల దూరంలో ఉండాలని, కుదరకపోతే 30కి తగ్గొద్దని చెప్పింది. మనుషులు టేపు పట్టుకుని కొలుస్తారు. నేలలోకి దిగిన పెట్రోలుకు మాత్రం ఎవరూ టేపు ఇవ్వలేదు.

పెట్రోలులో బెంజీన్ ఒక శాతం దాకా ఉండొచ్చు. తాగే నీళ్లలో లీటరుకు 0.01 మిల్లీగ్రాముకు మించకూడదు. కాగితం పెన్ను తీసుకుని లెక్కేశాను: ఒక్క లీటరు పెట్రోలులో ఉండగల బెంజీన్ 8 లక్షల లీటర్లకు పైగా నీటిని ఆ హద్దుకు చేర్చగలదు. క్యాన్సర్ తెచ్చే సరుకది. ఉమ్మడి నల్గొండ వాళ్లం, ఫ్లోరైడుతో వంకర్లు పోయిన కాళ్లను చూసి పెరిగినవాళ్లం, నీళ్ల లెక్క ఒకరు చెప్పాలా? అదీగాక మాది సాగర్ ఎడమ కాలువ కింది ఊరు. కాలువ పారితే బావుల్లో నీళ్లు పైకొస్తాయి, అంటే ట్యాంకు దగ్గరికి నీళ్లే నడిచొస్తాయి.

అప్పుడు తమాషా మొదలవుతుంది. వానాకాలంలో బండి ఆగిపోతే బంకు మీదికి పోతాం: "పెట్రోలులో నీళ్లు కలిపినవ్!" ఇథనాల్ కలిపిన పెట్రోలు కాబట్టి కాసిన్ని నీళ్లు చేరినా ఇథనాల్ వాటితో కలిసి, పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతుంది. సరే, గొడవ న్యాయమే. కానీ ఆ నీళ్లు మూత దగ్గర్నుంచి కాక ట్యాంకు చిల్లులోంచి వచ్చి ఉంటే? నీళ్లు లోపలికొచ్చిన దారిన పెట్రోలు బయటికి పోలేదా? ఆ ప్రశ్న మనం అడగం. బండికోసం కొట్లాడతాం, బావికోసం కొట్లాడం.

ఇదంతా ఆ డబ్బాల పెద్దమనిషికి చెబితే సాంతం విని, "ట్యాంకుకు గూడ టెస్టు చేస్తరా సారూ? నా బీపీకే ఇంతవరకు చేపియ్యలే" అన్నాడు.

ఫిల్టర్ కాగితం అడిగే హక్కు మీకుంది. డెన్సిటీ అడగొచ్చు, ఐదు లీటర్ల కొలత అడగొచ్చు. ఈసారి జీరో చూసుకున్నాక ఇంకొక్కటి అడగండి: "బాబూ, ఈ ట్యాంకుకు లీకు పరీక్ష చివరిసారి ఎప్పుడైంది?" నేను అడిగాను. కుర్రాడు మేనేజరు వైపు చూశాడు, మేనేజరు రిజిస్టరు వైపు చూశాడు, రిజిస్టరు ఎటూ చూడలేదు. మీ ఊళ్లో ఎవరైనా తేదీ చెబితే ఈ కాలమ్‌కు రాయండి, అచ్చేస్తాను.