టమాటా మహిమ

పనితనం పెంచుకోండంటూ ఓ ఆఫీసులో సిబ్బందికి రెండు గంటల క్లాసు పీకారు. ఆ రెండు గంటల పని ఎలాగూ అటకెక్కింది.

క్లాసు సారాంశం ఇదీ. 1980ల చివర్లో ఇటలీలో ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే విద్యార్థికి చదువు మీద ధ్యాస కుదరలేదు. వంటింటి టైమరు ముందు పెట్టుకున్నాడు. అది టమాటా ఆకారంలో ఉండేది. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం. పద్ధతికీ, అందులోని ఒక్కో విడతకీ టమాటా పేరే ఖాయమైంది.

మర్నాడే మనవాళ్ల అమలు:

మొదటి 5 నిమిషాలు: ఏ యాప్ మంచిదని చర్చ.
తర్వాతి 5: ఓటీపీ కోసం ఎదురుచూపు.
ఆ తర్వాతి 5: "అన్నా, టీ వచ్చింది."
ఇంకో 5: టైమరు ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో.
చివరి 5: స్టేటస్ ఎవరెవరు చూశారో లెక్క.

టింగ్! ఇక విరామం. దీన్ని మాత్రం తు.చ. తప్పకుండా పాటించారు. కాస్త ఎక్కువే పాటించారు.

సాయంత్రం బాసుగారి మెయిల్: "ఎవరు ఎన్ని టమాటాలు పూర్తి చేశారో ఎక్సెల్ షీటులో నింపండి."
నింపేసరికి రెండు టమాటాలు ఖర్చు.
షీటు మీద సమీక్షకు మరో నాలుగు.

అసలు టమాటాతో ఉత్పాదకత సంగతి మదనపల్లె రైతును అడగాల్సింది.
పంట విరగకాసిన ఏడాదే ధర లేక ఆయన దాన్ని రోడ్డు మీద పారబోస్తాడు.
ఎంత కష్టపడితే అంత ఫలితమని ఆయనకూ ఎవరో క్లాసు పీకే ఉంటారు!