రెండో దారి

బొగ్గుబాయికి దారులు రెండుండాలి. ఒక్క దారే ఉన్న బాయిలోకి మనిషిని పనికి దింపడానికి చట్టం ఒప్పుకోదు. ఆ రెండు దారుల మధ్య ఎడం ఎక్కడా 13.5 మీటర్లకు తగ్గకూడదని కోల్ మైన్స్ రెగ్యులేషన్స్‌లో రాసి ఉంది. ఈ నిబంధన ఊరికే రాలేదు. 1862 జనవరి 16న ఇంగ్లండులోని హార్ట్‌లీ గనిలో నీళ్లు తోడే ఇంజన్ దూలం విరిగి షాఫ్టులో పడింది. ఆ గనికి ఉన్నది ఆ ఒక్క షాఫ్టే. 204 మంది చనిపోయారు. ఆ ఏడాదే బ్రిటన్ రెండు దారుల చట్టం తెచ్చింది. ఇవాళ మన సింగరేణి కార్మికుడు దిగే గనికి రెండో దారి ఉందంటే, దాని వెనక ఆ చావులున్నాయి.

గోదావరిఖనిలో రిటైరైన ఓవర్‌మన్ ఒకాయన ఈ సంగతి చెప్తుంటే చాలాసార్లు విన్నాను. నేనాయన్ని అన్నా అంటాను. సర్వీసంతా రామగుండం ఏరియా భూగర్భ గనుల్లోనే గడిచింది. 2003 జూన్ 16న 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూకి 17 మంది పోయిన రోజు ఖనిలో ఎవరికీ మరపు రాదు. అప్పటినుంచీ దారి, గాలి, నీళ్లు అన్న మాటలు ఆయన నోట తేలిగ్గా రావు.

ఆయన బిడ్డ హైదరాబాదులో ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేస్తుంది. ఆమె చూసే పనిని డిజాస్టర్ రికవరీ అంటారు. కంపెనీ లెక్కలు, జీతాలు, బిల్లులు అన్నీ నడిచే కంప్యూటర్లు ఒక డేటా సెంటర్‌లో ఉంటాయి. అది మెయిన్ సైట్. దానికి మంటలంటుకున్నా, వరదొచ్చినా, కరెంటు పోయినా అవే పనులు వేరే ఊళ్లో ఇంకో డేటా సెంటర్ నుంచి నడవాలి. అది డీఆర్ సైట్. ఇప్పుడు ఒక్కో పనికి ఒక్కో ఇనుప డబ్బా పెట్టడం తగ్గింది. ఒక పెద్ద సర్వర్‌లో సాఫ్ట్‌వేర్‌తోనే పదుల కంప్యూటర్లు కడతారు. వాటిని వర్చువల్ మెషిన్లంటారు. అలాంటి ఒక్కో కంప్యూటర్ చివరికి కొన్ని ఫైళ్లే కాబట్టి, మొత్తం కంప్యూటర్‌నే నకలు తీసి దూరంగా ఉంచవచ్చు. రెండోచోట ఆ నకలు తాజాగా ఉండేలా చూడటం, అవసరమైన రోజు దాన్ని లేపి నిలబెట్టడం ఈ అమ్మాయి బాధ్యత.

2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలోని డేజన్‌లో ఆ దేశ ప్రభుత్వ డేటా సెంటర్ కాలింది. మంట లిథియం బ్యాటరీల దగ్గర మొదలైంది. వందల ప్రభుత్వ సేవలు ఆగిపోయాయి. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే 858 టెరాబైట్ల నిల్వకు బయట ఇంకో నకలు లేదు. అది మొత్తం బూడిదైంది. ఆ వార్త చూసి చాలా కంపెనీలు ఉలిక్కిపడ్డాయి. అమ్మాయి కంపెనీ పెద్దలు కూడా మన రెండో సైట్ సంగతేమిటో తేల్చి, ఆడిట్‌కు కాగితం ఇవ్వాలన్నారు. డ్రిల్ పెట్టారు. దీపావళికని ఇంటికొచ్చిన పిల్ల, శనివారం రాత్రి ఖనిలోని ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. అన్న పక్కన కుర్చీ వేసుకున్నాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"రెండు సైట్లు ఎంత దూరమున్నయ్ బిడ్డా?"

"వేరే వేరే రాష్ట్రాల్ల ఉన్నయ్ బాపు. ఒక్క వరద, ఒక్క భూకంపం, ఒక్క సబ్‌స్టేషన్ రెండిటినీ పట్టుకోవద్దు గదా."

"మాకు పదమూడున్నర మీటర్లే," అన్నాడాయన మెచ్చుకోలుగా. "ఇక్కడ రాసింది అక్కడికి ఎప్పుడు చేరుతది?"

"పదిహేను నిమిషాలకోసారి. మెయిన్ సైట్ పోతే ఎక్కువల ఎక్కువ ఆ పదిహేను నిమిషాల పని పోతది. నాలుగు గంటల్ల మొత్తం అక్కడ లేవాలె. కంపెనీకి మేం ఇచ్చిన మాట అది."

డ్రిల్ మొదలైంది. ఏ మెషిన్ ముందు లేవాలో, దేని తర్వాత ఏది లేవాలో ముందే రాసిపెట్టిన వరుస ఉంటుంది. డేటాబేస్ లేవకముందే లెక్కల సాఫ్ట్‌వేర్ లేస్తే దానికి చదువుకోవడానికి ఏమీ ఉండదు. అందుకని మొదట డేటాబేస్‌లు, తర్వాత లెక్కలు, జీతాలు, బిల్లులు నడిపే మెషిన్లు, ఆఖరున ఉద్యోగులు తెరిచే వెబ్ పేజీలు. కొత్తచోట నెట్‌వర్క్ అడ్రసులు వేరు కాబట్టి లేస్తూ లేస్తూ ఒక్కో మెషిన్ తన అడ్రసు మార్చుకుంటుంది. తెర మీద ఒక్కో వరుసకూ పచ్చ టిక్కు పడుతోంది. గంటన్నర దాటకముందే అన్నీ పడ్డాయి. హైదరాబాదులో మేలుకొని ఉన్న అకౌంట్స్ ఉద్యోగి ఒకరు డీఆర్ సైట్‌లోకి లాగిన్ అయి, పాత బిల్లు ఒకటి తెరిచి చూశారు. తెరుచుకుంది. ఫోన్‌లో అందరూ శభాష్ అన్నారు.

అన్న మాత్రం లేవలేదు.

"బిడ్డా, బాయిల దిగాల్నంటే ముందుగాల మస్టర్ల పేరు పడాలె. ల్యాంప్ రూముల దీపం తీసుకోవాలె. మీ దాంట్ల వచ్చినోడు మనోడా కాదా అని ఎవరు చూస్తరు?"

"దానికి లాగిన్ సర్వర్ ఉంటది బాపు. పేరు, పాస్‌వర్డ్ అదే చూస్తది."

"అది ఏ ఒడ్డున ఉన్నది?"

పిల్ల జవాబు చెప్పబోయి ఆగింది. లాగ్ తెరిచింది. ఇందాక అకౌంట్స్ ఉద్యోగి లాగిన్ అయిన నిమిషం వెతికి పట్టుకుంది. పేరు, పాస్‌వర్డ్ సరిచూసి లోపలికి వదిలిన సర్వర్ పేరు ఆ వరుసలోనే ఉంది. అది మెయిన్ సైట్‌లోని సర్వర్.

డ్రిల్‌లో లేపిన నకళ్లు అసలు మెషిన్లతో కలగాపులగం కాకుండా వాటిని విడిగా, గోడ కట్టిన నెట్‌వర్క్‌లో పెడతారు. ఆ గోడకు ఎవరో ఎప్పుడో ఒక్క కిటికీ ఉంచారు, లాగిన్ కోసం. రెండో సైట్‌లో లాగిన్ సర్వర్ నకలు పెట్టే పని వాయిదా పడి, కిటికీ మాత్రం అలాగే మిగిలింది. ప్రతి డ్రిల్‌లోనూ డీఆర్ సైట్ నిశ్శబ్దంగా మెయిన్ సైట్‌ను అడుగుతూనే ఉంది, మెయిన్ సైట్ బదులు చెప్తూనే ఉంది. డ్రిల్ జరిగినంతసేపూ మెయిన్ సైట్ బతికే ఉంటుంది కాబట్టి ప్రతిసారీ ఫలితం పాస్. అదే మెయిన్ సైట్ నిజంగా కాలిపోయిన రోజు మెషిన్లన్నీ లేస్తాయి, పచ్చ టిక్కులన్నీ పడతాయి, ఒక్క మనిషి కూడా లోపలికి పోలేడు.

"బాపు, మస్టర్ ఇంకా పాత బాయి కాడనే ఉన్నది," అంది పిల్ల.

"పరీక్ష పెట్టినప్పుడు పాత బాయి బంద్ చేసిండ్రా?"

"లేదు. ఎన్నడూ బంద్ చెయ్యలే."

"గట్లయితే రెండో దారి నడిచిందని రాయకు బిడ్డా. నేను నెలనెలా ఆ దారిల నడిచినోన్ని. మ్యాపుల గీత చూసి సంతకం పెట్టలే. అడుగున కెళ్లి నడుచుకుంట వచ్చి, నీళ్లు నిలిచినయా, పైకప్పు దిగిందా, పైన గేటు గొళ్లెం లోపలి దిక్కు నుంచి తీస్తే వస్తదా అని సొంతంగ చూసినంకనే రిపోర్టు రాసిన. గొళ్లెం బయటి నుంచి ఎవడో తీస్తే వచ్చింది అని రాస్తే, అది ఏం పనికొచ్చే దారి?"

నాకు ఆ మాట సూటిగా తగిలింది. రెండో దారి విలువ మొదటి దారి మూసినప్పుడే తేలుతుంది. మొదటి దారి తెరిచి ఉండగా చేసిన పరీక్ష, ఎంత నిజాయితీగా చేసినా, రెండో దారి గురించి సగమే చెప్తుంది. రెస్క్యూ స్టేషన్‌లో ముఖానికి ఆక్సిజన్ పరికరం తగిలించుకుని పొగ నింపిన గదిలో పాకడం నేర్పేది ఇందుకే. మంచి గాలిలో ఆ పరికరం పెట్టుకుని తిరిగితే, పొగలో దానితో నెగ్గుకు రాగలమో లేదో తెలియదు.

పిల్లకు ఈ పని బాగా తెలుసు. ఆమె వాడే సాఫ్ట్‌వేర్‌లోనే మూడు మార్గాలుంటాయి. మొదటిది టెస్ట్: మెయిన్ సైట్ నడుస్తుండగానే నకళ్లను విడిగా లేపి చూసి, తర్వాత చెరిపేయడం. రెండోది ముందుగా అనుకుని మారడం: మెయిన్ సైట్ మెషిన్లను వరుసగా ఆపి, ఆఖరి మార్పుతో సహా అంతా అటు చేర్చి, అక్కడ లేపి, నిజమైన పనిని అక్కడి నుంచే నడపడం. మూడోది ఆపద్ధర్మం: మెయిన్ సైట్ పలకనప్పుడు ఉన్న నకలుతోనే లేపడం. కంపెనీలో మొదటి బటన్ తప్ప ఎవరూ నొక్కలేదు. రెండో బటన్ నొక్కి చూడనివాళ్లకు మూడో బటన్ నొక్కాల్సిన రాత్రి ఏం ఎదురవుతుందో తెలియదు.

ఆ రాత్రే ఆమె పై అధికారికి ఉత్తరం రాసింది. మూడే అడిగింది. డీఆర్ సైట్‌లో లాగిన్ సర్వర్ పెట్టాలి. ఆ కిటికీ మూయాలి. ఒక ఆదివారం రాత్రి మెయిన్ సైట్‌ను పద్ధతి ప్రకారం ఆపి, సోమవారం పని మొత్తం డీఆర్ సైట్ నుంచి నడిపి చూడాలి. చూడకపోతే ఏమవుతుందో చెప్పడానికి గిట్‌ల్యాబ్ అనే కంపెనీ సంగతి రాసింది. 2017 జనవరి 31న అక్కడ ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌ను చెరిపాడు. బ్యాకప్ ఏర్పాట్లు ఐదు రకాలున్నాయి. తీరా చూస్తే ఐదింటిలో ఒక్కటీ నమ్మకంగా పనిచేసే స్థితిలో లేదని ఆ కంపెనీయే బాహాటంగా చెప్పింది. వేరే పని కోసం ఒక ఉద్యోగి ఆరు గంటల ముందు తీసి పెట్టుకున్న నకలు ఉండబట్టి బయటపడ్డారు. ఏర్పాటు ఉండటం వేరు, అది పనిచేయడం వేరు అని ఆమె ఆఖరున రాసింది.

పండగ వెళ్లాక జవాబు వచ్చింది. జవాబుతో పాటు, డ్రిల్‌లో పనిచేసిన అందరికీ పంపిన ఇంకో కాగితం కూడా వచ్చింది. పిల్ల రెండూ ప్రింటు తీయించి తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది. అన్న కళ్లద్దాలు పెట్టుకుని, నాకు కూడా వినపడేలా చదవమన్నాడు.

మొదటిది ఆడిట్‌కు ఇచ్చిన ధ్రువీకరణ. "డీఆర్ పరీక్ష విజయవంతమైంది. మెయిన్ సైట్ పూర్తిగా ఆగిపోయినా, నాలుగు గంటల్లో కంపెనీ పని మొత్తం డీఆర్ సైట్ నుంచి నడుస్తుందని ధ్రువీకరిస్తున్నాను."

రెండోది ఆమెకు వచ్చిన జవాబు. "మెయిన్ సైట్‌ను ఆపడానికి అనుమతి ఇవ్వలేను. డీఆర్ సైట్ లేవకపోతే కంపెనీ పని మొత్తం నిలిచిపోతుంది. అంత ప్రమాదం మనం తలకెత్తుకోలేం."

అన్న రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి, కింది వరుసల మీద వేలు పెట్టాడు.

"సంతకం ఒక్కరిదేనా?"

"ఒక్కరిదే బాపు. తారీఖు కూడా ఒక్కటే."

"ఆడిటోల్లకు సర్టిఫికెట్ పంపిండు బిడ్డా," అన్నాడాయన. "నిజం నీకు పంపిండు."