మూడో అధ్యాయం

మా బావగారికి సినిమా చూడటం ఒక ఎత్తు, చూశాక దాని గురించి మాట్లాడటం ఇంకో ఎత్తు. ఆ మాటల కోసమే సెలవు దొరికితే అక్క వాళ్ళింట్లో వాలిపోతాం. మొన్న శనివారం ‘ది సబ్‌స్టాన్స్’, ఆదివారం ‘ది లాస్ట్ డ్యూయల్’ పెట్టారు.

మొదటిది ఆయనకి ఎక్కలేదు. 2024లో ఫ్రెంచి దర్శకురాలు కొరాలీ ఫార్జా తీసిన సినిమా. డెమీ మూర్ అందులో ఒకప్పటి తార. ఇప్పుడు టీవీలో ఏరోబిక్స్ చేయిస్తుంటుంది. యాభయ్యో పుట్టినరోజు నాడే ఆమెను ఉద్యోగంలోంచి తీసేస్తారు. ఆ నిర్మాత రొయ్యలు జుర్రుకుంటూ, మూతంతా పులుముకుంటూ, ఆడదాని వయసు గురించి మాట్లాడతాడు. ఆమె ఒక మందు తెచ్చుకుని సూదితో ఎక్కించుకుంటుంది. వీపు నిలువునా చీలి, పడుచుపిల్ల బయటికొస్తుంది. ఇక వారం ఈమె, వారం ఆమె. లెక్క తప్పితే పెద్దావిడ ఒంటికి ముసలితనం ముంచుకొస్తుంది. ముందు ఒక్క వేలికి.

“అతి!” అన్నారు బావగారు. “ఆ మందు ఎవడు చేశాడో తెలీదు, అందులో ఏముందో తెలీదు. ఫోన్లో గొంతు తప్ప మనిషి కనపడడు. బుద్ధున్నవాళ్ళెవరైనా ఒంట్లోకి ఎక్కించుకుంటారా?”

నేను ఒప్పుకోలేదు. మేకప్‌కి ఆస్కార్ వచ్చింది, రావాల్సిందే. కానీ నన్ను వణికించింది చుక్క నెత్తురు లేని సీన్. పాత క్లాస్‌మేట్‌ని కలవడానికి బయల్దేరి, మళ్ళీ మళ్ళీ అద్దం దగ్గరికే వస్తుందామె. లిప్‌స్టిక్ దిద్దుకుంటుంది, చెరుపుకుంటుంది. ఆఖరికి అరచేత్తో మొహమంతా రాసి రాసి ఎర్రగా కందించుకుని ఇంట్లోనే ఉండిపోతుంది. అంత అందగత్తెకి తన మొహమంటే అంత అసహ్యం ఎవరు నేర్పారు?

రెండో సినిమా మాత్రం ఆయన్ని పట్టి కుదిపేసింది. పద్నాలుగో శతాబ్దపు ఫ్రాన్స్, జరిగిన కథ. భర్తకి ఒకప్పటి స్నేహితుడు తనను చెరిచాడని మార్గరీట్ అనే ఆమె నోరు విప్పి చెప్పింది. 1386లో అది ద్వంద్వయుద్ధం దాకా వెళ్ళింది. భర్త గెలిస్తే ఆమె మాట నిజం. ఓడితే అబద్ధం, బతికుండగానే కాల్చేస్తారు. రిడ్లీ స్కాట్ ఆ కథనే మూడుసార్లు చెప్తాడు: భర్త చెప్పినట్టు, నేరం మోపబడ్డవాడు చెప్పినట్టు, చివరికి ఆమె చెప్పినట్టు.

మెట్ల సీన్‌ని బావగారు వెనక్కి తిప్పి మరీ చూపించారు. వాడి కథలో ఆమె చెప్పులు తనే విడిచి పైకెళ్తుంది. ఆమె కథలో అవి పరుగులో జారిపోతాయి.

“చూశావా అమ్మాయ్! అవే మెట్లు, అవే చెప్పులు. మొగుడికి వాడి పరువు, వీడికి వీడి పంతం. ఒళ్ళెవరిది? ఆమెది. ముందు అడగాల్సింది ఆమెని కాదూ? మూడో అధ్యాయం దాకా ఆగాలా?” గొంతు పూడుకుపోయింది ఆయనకి. “ఆ రోజులు కాబట్టి చెల్లింది.”

నా కళ్ళూ చెమర్చాయి. ఆయన అన్నదాంట్లో ఒక్క మాట తీసెయ్యడానికి లేదు. పక్కనే అక్క కూతురు పచ్చి బఠాణీలు ఒలుస్తోంది. తలెత్తలేదు.

ఇంతలో ఆయన ఫోన్ మోగింది. స్పీకర్ నొక్కారు.

“సార్, స్కిన్ క్లినిక్ నుంచండీ. రేపు పదకొండింటికి మీ అమ్మాయిగారికి రెండో ఇంజెక్షన్.”

“ఆ, తీసుకొస్తానమ్మా. వచ్చే ఆదివారమే పెళ్ళిచూపులు. ఈలోపు రంగు తేలుతుందిగా?”

“తేలుతుంది సార్. కాకపోతే పోయినసారి ఫారం మీద మేడమ్ సంతకం పెట్టకుండా వెళ్ళిపోయారు. ఇష్టపడే చేయించుకుంటున్నానని ఆవిడే పెట్టాలి.”

“దానికేముందమ్మా,” అన్నారు బావగారు, “నేను పెట్టేస్తాలే.”