సున్నాగారికి సన్మానం

శిక్షణ పథకంలో చేరినవాళ్ల బ్యాంకు ఖాతా నంబరు మొదట్లో తప్పనిసరే గానీ తర్వాత సడలించాం, డబ్బు ఎలాగూ ఆధార్‌తో ముడిపడిన ఖాతాకే పోతుంది కదా అని నైపుణ్యాభివృద్ధి మంత్రిత్వ శాఖ, సర్కారు పద్దులు తనిఖీ చేసే కాగ్‌కు సంజాయిషీ ఇచ్చుకుంది. ఎంత సబబైన సంజాయిషీ! అది చదివాక, ఈ దేశంలో అందరికన్నా ఎక్కువ శిక్షణ పొందిన యువకుడికి ఒక సన్మానమైనా చెయ్యకపోతే మనం తెలుగువాళ్లమే కాదనిపించింది. ఆయన పేరు సున్నా. పూర్తి పేరు 00000000000. కొన్ని రికార్డుల్లో నల్ అనీ, కొన్నింట్లో ఎన్/ఏ అనీ ఉంది. మరికొన్నింట్లో అదీ లేదు, ఉత్త ఖాళీ.

ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన రెండు, మూడు విడతల్లో 95,90,801 మంది వివరాలు తిరగేస్తే, 90,66,264 మంది ఖాతా గడిలో ఈయనే కూర్చుని ఉన్నారు. అంటే నూటికి 94.53. ఎన్నికల్లో ఎవరికైనా ఇన్ని ఓట్లు పడితే రిగ్గింగ్ అని ఎదుటి పార్టీ రోడ్డెక్కేది. సున్నాగారికి ప్రతిపక్షం లేదు.

సన్మానం అన్నాక ముందు ఆహ్వానపత్రం. అడ్రసు ఎలా దొరుకుతుందా అని బెంగపడ్డాను గానీ, వివరాలు ఎక్కించినవాళ్లు మహా ముందుచూపున్న మనుషులు. కొందరి అడ్రసులు బ్యాంకు ఖాతా నంబరు ఉండాల్సిన చోటే రాసిపెట్టారు. కొందరి పేర్లూ అక్కడే ఉన్నాయి. మెయిల్ పంపుదామా అంటే ఆ ముచ్చట కాగ్‌వాళ్లు ముందే తీర్చుకున్నారు. లబ్ధిదారులకు సర్వే కోసం పంపిన మెయిళ్లలో నూటికి 36.51 చిరునామాదారుడు లేడని తిరిగొచ్చాయట. జవాబులు వచ్చినవి మొత్తం 171. అందులో 131 ఒకే మెయిల్ ఐడీ నుంచో, శిక్షణ ఇచ్చిన సంస్థల ఐడీల నుంచో వచ్చాయి. దీన్నిబట్టి సున్నాగారికి మొహమాటం ఎక్కువని అర్థమైంది. ఆయన మాట్లాడాల్సిన నాలుగు మాటలూ మాస్టారే మాట్లాడేస్తారు. 'శిక్షణ దివ్యంగా ఉంది, సన్మానానికి తప్పక వస్తున్నాను' అని మాస్టారే రాసి, మాస్టారే సంతకం పెట్టి, మాస్టారే పంపిస్తారు.

ఫ్లెక్సీ ఖర్చు పెద్దగా లేదు. ఒకే ఫోటో ఎందరో లబ్ధిదారులకు అతికించి ఉందని కాగ్ చెప్పనే చెప్పింది కాబట్టి, ఆ ఒక్కటీ పెద్దది చేయించి, కింద వరసగా గల్లీ లీడర్ల బొమ్మలు వేయిస్తే సరి. శాలువా దగ్గరే చిక్కు. కప్పడానికి భుజాలుండాలి. కుర్చీకి కప్పేద్దామని కమిటీ తీర్మానించింది. దండ మైకు స్టాండుకు.

ఇక సన్మానపత్రం. చదువుతాను, వినండి.

'ఓ శూన్యవరేణ్యా! తమరికి ఆకలి లేదు, హాస్టలు అక్కరలేదు, బస్సు పాసు ఊసే లేదు. అయినను తమరు కుట్టుపని నేర్చితిరి. సెల్‌ఫోను రిపేరు నేర్చితిరి. అన్నింటికంటె మిన్నగా డొమెస్టిక్ డేటా ఎంట్రీ ఆపరేటరు కోర్సు పూర్తి గావించితిరి. సాటివారి ఖాతా గడిలో 11111111111 అని కొట్టిన హస్తము తమరి సహాధ్యాయిది కాదు గదా! 12,122 ఖాతా నంబర్లను 52,381 మంది పంచుకొనునట్లు చేసి జాతీయ సమైక్యతను చాటితిరి. గంటల లెక్కన, తమకు విద్య గరపిన గురువుల ఋణమును ప్రభుత్వమే తీర్చినది. బ్యాచి మొదలు కాగానే 30 శాతము, సర్టిఫికెట్టు రాగానే 50, కొలువు దొరికిన పిదప మిగిలిన 20. గురుదక్షిణను వాయిదాలలో చెల్లించిన శిష్యుడు పురాణములలో సైతము లేడు.'

చప్పట్లు. తర్వాత వక్తలు. భవిష్యత్తు ఉద్యోగాలకు యువత సిద్ధం కావాలని ఒకాయన ఉపన్యాసం. సున్నాగారిని మించి సిద్ధంగా ఉన్నదెవరు? పీఎఫ్ అడగరు, ఈఎస్ఐ కార్డు అడగరు, పండక్కి ఊరెళ్తానని సెలవు అడగరు. ఏఐ వచ్చి ఆయన ఉద్యోగం ఊడగొడుతుందన్న బెంగ లేదు. 'మా ఫ్యాక్టరీకి ఇలాంటివాళ్లే కావాలి' అని ఒక పారిశ్రామికవేత్త కళ్లు తుడుచుకున్నారు. స్వల్పకాలిక శిక్షణ, ప్రత్యేక ప్రాజెక్టుల కింద సర్టిఫికెట్ పుచ్చుకున్న 56.14 లక్షల మందిలో 23.18 లక్షల మందికే ఉద్యోగాలు దొరికాయని వెనక వరసలోంచి ఎవరో అరిచారు గానీ, అప్పటికే వందన సమర్పణ మొదలైంది.

సున్నాగారు అసలు లేనే లేరు, అంతా కాగితాల మీది జనం అని తేలితే నవ్వుకుని ఊరుకోవచ్చు. దొంగ మస్టర్లు చూశాం, చచ్చినవాళ్లు తీసుకున్న పింఛన్లు చూశాం, ఇదీ ఆ కోవలోకే చేరేది. నా కడుపు మండేది అందుకు కాదు. ఆ 90 లక్షల గడుల వెనక చాలామంది నిజంగానే ఉండి ఉంటారు. పొద్దున్నే బస్సెక్కి, నెలల తరబడి రేకుల కింద కూర్చుని నేర్చుకుని, సర్టిఫికెట్‌ను లామినేషన్ చేయించి బీరువాలో దాచి, ఇవాళ ఏ బట్టల షాపులోనో పొద్దస్తమానం నిలబడి చీరలు మడతపెడుతున్న పిల్ల ఉంటుంది. ఆ పిల్లను సున్నా అని రాసుకున్నారు. ఆధార్ జిరాక్స్ అడిగారు, ఇచ్చింది. ఫోటో దిగమన్నారు, దిగింది. హాజరు వెయ్యమన్నారు, వేసింది. ఆమె దగ్గర తీసుకోవాల్సిన ప్రతి కాగితానికీ ఒక గడి ఉంది, ఆమెకు ఇవ్వాల్సిన డబ్బుకు ఉన్న గడి ఒక్కటే తప్పనిసరి కాకుండా పోయింది. పాసైతే ఇస్తామన్నదెంత? 500 రూపాయలు. 34 లక్షల మందికి పైగా అదీ అందలేదు. ఆధార్‌కు ముడేశాం అన్నారు కదయ్యా, మరి ఆ ముడి ఎక్కడ ఊడింది? ఊడిందని తెలిసినప్పుడు ఆ పిల్లకు ఒక్కరైనా ఫోన్ చేశారా?

2015 నుంచి 2022 దాకా మూడు విడతలకూ కలిపి పెట్టుకున్న కేటాయింపు సుమారు 14,450 కోట్లు. గంటల లెక్కన బిల్లులు పెట్టిన సంస్థలకూ బ్యాంకు ఖాతాలున్నాయి, ఆ నంబర్లూ ఎవరో ఒకరు కంప్యూటర్‌లో కొట్టినవే. వాటిలో ఒక్కదాంట్లోనైనా పొరపాటున 11111111111 అని పడి, డబ్బు ఆగిపోయి, ఆ సంస్థ యజమాని చెప్పులరిగేలా ఢిల్లీలో ఆఫీసుల చుట్టూ తిరిగాడని మీరెక్కడైనా చదివారా?