శాస్త్రవేత్తగారూ, ఇక్కడో సంతకం

రాష్ట్రపతి కావాలని ఏ శాస్త్రవేత్తకైనా మనసులో ఉంటే మొహమాటపడనక్కర్లేదు. అర్హతలు పెద్దగా లేవు. రాజ్యాంగం 58వ అధికరణం ప్రకారం భారత పౌరులై ఉండాలి, 35 ఏళ్లు నిండాలి, లోక్‌సభకు పోటీచేసే యోగ్యత ఉండాలి, లాభదాయక పదవిలో ఉండకూడదు. మీ పరిశోధనా పత్రాలు ఎన్ని అచ్చయ్యాయని ఎవరూ అడగరు. నామినేషన్‌ను 50 మంది ప్రతిపాదించాలి, ఇంకో 50 మంది బలపరచాలి, 15,000 రూపాయల డిపాజిట్ కట్టాలి. ప్రభుత్వ సంస్థలో చిన్న పరికరం కొనాలన్నా దాదాపు ఇన్ని సంతకాలూ పడతాయి కనుక, మీకిది కొత్తేమీ కాదు.

ముందు పేరు సంపాదించండి. మీ పని జనానికి అర్థమవ్వాలని మాత్రం పట్టుబట్టకండి. పార్టీలు వెతికేది కాదనడానికి ఎవరికీ నోరు రాని మనిషి కోసం. అబ్దుల్ కలాం 2002 జూన్‌లో చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పుకుంటున్నారు. ప్రధాని వాజపేయి ఫోను కలిసేలోపే మన చంద్రబాబు నాయుడు ఫోన్‌చేసి, ముఖ్యమైన కబురొస్తుంది, కాదనకండి అన్నారట. ఆలోచించుకోవడానికి కలాం రెండు గంటలు గడువడిగారు. మీరూ రెండే అడగండి, ఆలస్యమైతే జాబితాలో తర్వాతి పేరుకు ఫోను పోతుంది. ఎన్డీయే నిలబెట్టింది, కాంగ్రెస్ సరేనంది, వామపక్షాలు మాత్రం లక్ష్మీ సెహగల్‌ను పోటీకి దింపాయి. జులై 25న ప్రమాణం, 340 గదుల ఇల్లు, దక్షిణాది విడిదికొస్తే బొల్లారంలో ఇంకో నిలయం. ఓటేసినవారిలో క్షిపణి సంగతులు ఎందరికి తెలుసన్నది అప్రస్తుతం.

ఇక అలవాట్లు మార్చుకోవాలి. మూలవిరాట్టు గర్భగుడిలో ఉంటాడు, ఊరేగేది ఉత్సవ విగ్రహం. పల్లకి ఏ వీధికి తిరగాలో విగ్రహాన్ని అడిగే ఆచారం ఏ ఊళ్లోనూ లేదు. ఏటా పార్లమెంటు ఉభయసభల ముందు మీరు చదివే ప్రసంగం మంత్రివర్గం ఖాయం చేసిందే. అందులో మాటిమాటికీ ‘నా ప్రభుత్వం’ అని వస్తుంది. ఒత్తి పలకండి. అంకెలు కనబడితే అవి ఎక్కడివని అడగబోకండి. ఇతరులు రాసింది తమ పేర చెలామణి చేసుకోవడమా అని కుర్ర శాస్త్రవేత్తలు చిన్నబుచ్చుకోవచ్చు. సంస్థల డైరెక్టర్లకైతే ఈ విద్య ముందే వచ్చు.

అసలు పని సంతకం. దీనికి శిక్షణ కావాలంటే ముందు శ్రీహరికోటలో నేర్చుకున్నది మరిచిపోవాలి. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 తొలి ప్రయోగంలో, ఇంకాసేపట్లో రాకెట్ ఎగరాలనగా కంప్యూటర్ ఆగమంది. ఫర్వాలేదన్నారు నిపుణులు. మిషన్ డైరెక్టర్ కలాం కంప్యూటర్ మాట తోసిపుచ్చి కానిమ్మన్నారు. రాకెట్ బంగాళాఖాతంలో పడింది. విలేకరుల ముందుకొచ్చి ఆ భారం నెత్తికెత్తుకున్నది ఇస్రో అధ్యక్షుడు సతీశ్ ధావన్. మరుసటి ఏడాది జులై 18న ప్రయోగం ఫలించినప్పుడు మాత్రం, మాట్లాడమని ఆయన కలాంనే ముందుకు పంపారు.

రైసినా కొండ మీద ఇదంతా తలకిందులు. నిర్ణయం ఇంకొకరిది, కాగితం మీద పేరు మీది. 2005 మే నెలలో కలాం మాస్కోలో ఉన్నారు. ఇక్కడ ఢిల్లీలో అర్ధరాత్రి మంత్రివర్గం కూర్చుని బిహార్ అసెంబ్లీని రద్దు చెయ్యాలంది. కాగితం ఫ్యాక్సులో వెళ్లింది, సంతకంతో తిరిగొచ్చింది. అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ రద్దు రాజ్యాంగ విరుద్ధమంది. అప్పుడు రాజీనామా రాసి పెట్టుకున్నానని, మన్మోహన్ సింగ్ వారించారని కలాం తర్వాత తన పుస్తకంలో చెప్పుకున్నారు. తప్పు మీద వేసుకోవడానికి ఇక్కడ ధావన్ ఉండడు. దేశంలో అందరికన్నా పైనున్నది మీరే మరి.

సంతకానికి చెయ్యి రాకపోతే? బిల్లును ఒకసారి తిప్పి పంపవచ్చు. లాభదాయక పదవుల బిల్లును 2006లో కలాం అలాగే తిప్పి పంపారు. పార్లమెంటు అక్షరం మార్చకుండా మళ్లీ ఆమోదించి పంపింది, ఆయన సంతకం పెట్టారు. ప్రయోగం రెండోసారి చేసినా అదే ఫలితమొస్తే రుజువైనట్టేనని నేర్పింది మీ శాస్త్రమే కదా! ఇంతకన్నా నమ్మకమైన సాధనం బల్ల సొరుగు. బిల్లుపై ఎన్నాళ్లలో తేల్చాలో 111వ అధికరణం గడువు పెట్టలేదు. 1986 నాటి పోస్టాఫీసుల బిల్లును అప్పటి రాష్ట్రపతి జైల్ సింగ్ పట్టి ఉంచేశారు, అది చట్టం కాలేదు. ఆయన భౌతికశాస్త్రం చదవలేదు గానీ జడత్వ నియమం బాగా తెలిసినవాడు.

తెలిసిన విషయం బయటికి చెప్పడం శాస్త్రవేత్తలకున్న ఇంకో దురలవాటు. ఎఫ్రాయిమ్ కట్జిర్ ప్రొటీన్ల మీద పనిచేసిన జీవభౌతిక శాస్త్రవేత్త, 1973లో ఇజ్రాయెల్ అధ్యక్షుడయ్యాడు. మరుసటి ఏడాది విజ్ఞాన రచయితలతో మాట్లాడుతూ, అణ్వాయుధాలు చేసే సామర్థ్యం మాకుందనేశాడు. అవుననకుండా కాదనకుండా ఆ ప్రభుత్వం ఏళ్ల తరబడి దాటవేస్తున్న సంగతది. గగ్గోలు పుట్టింది. మారిషస్‌లో ఔషధ మొక్కల శాస్త్రవేత్త అమీనా గురీబ్-ఫకీమ్ అయితే, ఒక స్వచ్ఛంద సంస్థ ఇచ్చిన క్రెడిట్ కార్డును సొంత కొనుగోళ్లకు వాడారన్న ఆరోపణతో, తప్పు చెయ్యలేదంటూనే 2018లో పదవి వదులుకోవాల్సి వచ్చింది. కాబట్టి పర్సు కూడా ప్రయోగశాలలోనే వదిలి రండి.

వద్దనడమెలాగో ఐన్‌స్టీన్ దగ్గర నేర్చుకోవచ్చు. ఇజ్రాయెల్ తొలి అధ్యక్షుడు హైమ్ వైజ్‌మన్ కూడా శాస్త్రవేత్తే. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటన్ తుపాకిమందుకు కావలసిన అసిటోన్‌ను సూక్ష్మజీవులతో తయారుచేయించిన రసాయనవేత్త. పదవిలోకొచ్చాక, నన్ను ముక్కు దూర్చనిచ్చేది నా చేతిరుమాల్లోకేనని వాపోయేవాడని చెప్పుకుంటారు. 1952 నవంబరు 9న ఆయన పోయాడు. వారం దాటిందో లేదో, అధ్యక్ష పదవి తీసుకోమంటూ రాయబారి అబా ఎబాన్ ప్రిన్స్‌టన్‌లోని ఐన్‌స్టీన్‌కు ఉత్తరం పంపాడు: ఇజ్రాయెల్‌కు వచ్చి పౌరసత్వం తీసుకోవాలి, శాస్త్ర పరిశోధనకు పూర్తి స్వేచ్ఛ ఉంటుంది. ఆ రెండో మాటలోనే ఉద్యోగంలో పనెంతో తెలిసిపోతోంది. 73 ఏళ్ల ఐన్‌స్టీన్ మర్యాదగా జవాబు రాశాడు: జీవితమంతా వస్తుగత విషయాలతోనే గడిపాను, మనుషులతో వ్యవహరించే నేర్పూ అధికార విధులు నడిపే అనుభవమూ నాకు లేవు. తనకేది రాదో ఒప్పుకుంటూ ఉద్యోగం వద్దన్న దరఖాస్తు ఇది. ఇందులో గొప్పలు లేవు, అబద్ధాలూ లేవు. పదవికి పనికిరాడనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

అక్కడ జెరూసలేంలో ప్రధాని బెన్ గురియన్‌ది వేరే బెంగ. అడక్క తప్పలేదు గనుక అడిగాను, ఒకవేళ ఒప్పుకుంటే మన గతేమిటని తన కార్యదర్శిని అడిగాడట. ఆహ్వానం అందిన ప్రతి శాస్త్రవేత్తా అవతలి గదిలో ఇలాంటి సంభాషణ ఒకటి జరుగుతోందనే అనుకోవడం క్షేమం.

అయినా పీఠం ఎక్కి తీరతానంటే ప్రయోగశాల కన్నా దగ్గర దారి ఉంది, ప్రధాని కార్యాలయంలో ఉద్యోగం చూసుకోండి. బెన్ గురియన్ ఆ ప్రశ్న అడిగిన కార్యదర్శి పేరు ఇట్జాక్ నవోన్. 1978లో కట్జిర్ దిగిపోయాక అధ్యక్షుడయింది ఆయనే.