అందరికీ చెప్పి లేచిపోవడం ఎలా?

మా మేనకోడలు లేచిపోవడానికి ముహూర్తం నన్నే పెట్టించమంది.

కుర్రాణ్ణి తనే చూసుకుంది. బుద్ధిమంతుడు. ఇద్దరూ బెంగళూరులో ఒకే బిల్డింగులో వేరువేరు అంతస్తుల్లో పనిచేస్తారు. అక్కయ్యకీ బావగారికీ అభ్యంతరం లేదు, అవతలివాళ్ళకి అసలే లేదు. జాతకాలు కూడా ఎవరూ బతిమాలకుండానే కుదిరాయి. ఇన్ని అనుకూలాలున్న పిల్లకి లేచిపోవలసిన ఖర్మ ఏమిటమ్మా అని అడిగాను.

“ఇప్పుడంతా అలాగే చేసుకుంటున్నారు మావయ్యా. సముద్రం ఒడ్డున, పదిమందితో, సింపుల్‌గా” అని ఫోన్లో ఒక ఫొటో పంపింది. కాలిఫోర్నియాలో బిగ్ సర్ అనే చోట కొండ అంచున ఒక జంట నిలబడి ఉంది. వెనకాల పసిఫిక్ మహాసముద్రంలోకి సూర్యుడు దిగుతున్నాడు. కనుచూపు మేరలో ఒక్క బంధువు లేడు.

నేను విశాఖపట్నంలో ఉంటాను, పైగా రిటైరయ్యాను. కాబట్టి సముద్రానికి సంబంధించిన పనులన్నీ నావేనని మా ఇంట్లో ఎప్పుడో తీర్మానం అయిపోయింది.

ముందు సూర్యుడి సంగతి తేల్చుకోవలసి వచ్చింది. మన సూర్యుడు పొద్దున్నే బంగాళాఖాతంలోంచి పైకొస్తాడు. సాయంత్రం సింహాచలం కొండల వైపు వెళ్ళి, సముద్రంతో ఏ సంబంధమూ లేనట్టు అటే అస్తమిస్తాడు. “నీళ్ళలో మునిగే సూర్యుడు కావాలంటే గోవా వెళ్ళాలమ్మా, అప్పుడు పంతులుగారికీ సన్నాయివాళ్ళకీ విమానం టిక్కెట్లు కొనాలి” అన్నాను. కాసేపు ఆలోచించి, “సరే మావయ్యా, సూర్యోదయమే పెట్టేయ్” అంది, అక్కడికి నాకు రెండూ చేతనైనట్టు.

తరవాత నెల. ఆషాఢం, భాద్రపదం, పుష్యం పంతులుగారు కొట్టేశారు. శుక్రమౌఢ్యం పేరు చెప్పి ఇంకొంత కోసేశారు. వైశాఖం, జ్యేష్ఠం పెళ్ళికూతురి మేకప్ ఆవిడ కొట్టేసింది, ఈ ఉక్కలో పూసింది పూసినట్టు ఉండదంది. అక్టోబరు, నవంబరు నేను కొట్టేశాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ ఊరిని ఏం చేసిందో చూసినవాడెవడూ ఆ రోజుల్లో ఒడ్డున పందిరి వెయ్యడు. అందరూ కొట్టేయగా మాఘం మిగిలింది. పంతులుగారు సంతోషంగా మాఘ పౌర్ణమి చూపించారు. ఆ రోజు తెల్లవారకముందే జిల్లా జిల్లా అంతా సముద్రస్నానానికి ఒడ్డుకొస్తుంది. పదిమంది పెళ్ళికి అంతకన్నా దివ్యమైన తిథి ఉండదు. ఆయన్ని బతిమాలి బహుళపక్షంలోకి దింపి, మకర లగ్నం ఖాయం చేయించాను. జీలకర్ర బెల్లం చీకట్లో, తలంబ్రాలు వెలుగులో. పంతులుగారికీ ఫొటోగ్రాఫరుకీ ఒకే వేళ నచ్చడం మా వంశంలో ఇదే మొదలు.

ఆ వేళ ఇంకొకరికి కూడా నచ్చుతుందని తరవాత తెలిసింది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి రాత్రిపూట ఈ తీరానికే వస్తాయి. ఒడ్డున వెలుతురు ఉంటే తల్లులు బెదురుతాయి, పిల్లలు సముద్రమనుకుని ఆ వెలుతురు వైపే నడుస్తాయి. కాబట్టి ఫోకస్ లైట్లు పెట్టకూడదు. న్యాయమే. నన్నడిగితే లేచిపోవడం అంటే తాబేలుదే. ఎవరికీ చెప్పకుండా ఒంటరిగా వచ్చి, ఇసక తవ్వి, వందకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి, కప్పేసి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోతుంది. మేళం లేదు, భోజనాలు లేవు, ఆడపడుచు అలక అంతకన్నా లేదు.

స్థలం కోసం భీమిలి రోడ్డు పట్టుకున్నాను. రుషికొండ బాగుంటుంది, 2020లో బ్లూ ఫ్లాగ్ కూడా వచ్చింది, కానీ అక్కడ మన పెళ్ళిఫొటోలో పదిమందీ మనవాళ్ళు కారు. తొట్లకొండ కింద బాగుంది. కానీ రెండువేల ఏళ్ళ కిందట సంసారం వద్దనుకున్న బౌద్ధభిక్షువులు ఏరికోరి విహారం కట్టుకున్న కొండ అది. దాని నీడన మంగళసూత్రం కట్టించడం వాళ్ళని వెక్కిరించినట్టుంటుందని బావగారు అన్నారు. ఎర్రమట్టి దిబ్బలు 2014లో జాతీయ భూవారసత్వ స్థలమయ్యాయి. వేల ఏళ్ళుగా గాలీ నీళ్ళూ కలిసి చెక్కిన దిబ్బ మీద షామియానా గుంజ పాతించడానికి నాకే చేతులు రాలేదు. భీమిలి అన్నాను. అటు గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది, పాత లైట్‌హౌసు ఉంది, డచ్చివాళ్ళ సమాధులున్నాయి. సమాధుల మాట వినగానే అక్కయ్య ఫోన్లో ఒక్కసారి “శ్రీరామ” అంది. పక్కనుంచి మా పిన్ని అందుకుని, “అక్కడే కదుట్రా మరోచరిత్ర తీసిందీ? చివరికి ఇద్దరూ ఏమయ్యారో గుర్తుందా?” అంది. 1978లో వచ్చిన సినిమా 1978లో వచ్చినట్టే ఉంది మా పిన్ని దగ్గర. భీమిలి ఎగిరిపోయింది.

చివరికి మంగమారిపేట దాటాక ఒక ఖాళీ ఇసక నచ్చింది. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన నన్ను చాలాసేపు చూశాడు. “పందిరి ఈడేత్తారా? పెద్దపోటొత్తే నీల్లు ఈడికొచ్చెత్తాయి బాబూ” అని, కాస్త పైకి చోటు చూపించాడు. తెల్లారేసరికి పడవలొస్తాయనీ చేపల పాట అక్కడే జరుగుతుందనీ కూడా చెప్పాడు. అంటే మాంగల్యధారణ సమయానికి పక్కనే ఇంకొకాయన వంజరాలకి రేటు అరుస్తుంటాడు. పక్కనున్న ఆవిడ తట్ట దించి, “ఎవల పెల్లి బాబూ? బోజనాలు కూడా ఈడేనా?” అంది. కాదనడానికి నాకు నోరు రాలేదు. సముద్రానికి గేటు ఉండదు. వాళ్ళ వాకిట్లో పెళ్ళి పెట్టుకుని వాళ్ళనే పిలవకపోవడం ఏం మర్యాద? పదిలో ఒక పల్లె కలిసింది.

చట్టం సంగతి బావగారు చూస్తానన్నారు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం తెరిస్తే, ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో కనీసం 30 రోజులు కాపురముండాలట. నోటీసిచ్చి 30 రోజులు ఆగాలి. ఆ నోటీసు ఆఫీసులో అందరికీ కనపడే చోట అతికిస్తారు. ముగ్గురు సాక్షులు కావాలి. లేచిపోయేవాళ్ళు నెల ముందు గోడ మీద రాసి మరీ లేచిపోవాలన్నమాట. అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పుకోవచ్చు గానీ చట్టంలో ఉన్న కారణాలే చెల్లుతాయి. ‘మమ్మల్ని పిలవలేదు’ అన్నది అందులో లేదని మా పెదనాన్నగారి అబ్బాయి చదివి చూసి చాలా నిరాశపడ్డాడు. ఎందుకొచ్చిన గొడవని 1955 హిందూ వివాహ చట్టం దగ్గరికి వెళ్ళాం. అక్కడ సప్తపది ఉన్న పెళ్ళి ఏడో అడుగుతో పూర్తయినట్టే. తంతు జరగకుండా ఉత్త సర్టిఫికెట్టు ఉంటే అది హిందూ వివాహం కాదని 2024లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కాబట్టి తంతు ఉండాల్సిందే.

తంతు అంటే ఏమిటో మేనకోడలికి అప్పుడు గాని తెలీలేదు. కాళ్ళు కడగడానికి కన్యాదాతలు ఇద్దరు. లాజహోమంలో పేలాలు పోయడానికి పెళ్ళికూతురి అన్నో తమ్ముడో. కాశీయాత్రకి బయల్దేరిన అల్లుణ్ణి గొడుగిచ్చి వెనక్కి తేవడానికీ అతనే, కానీ గొడుగు పట్టడానికి వేరే కుర్రాడు. హారతికి ఆడపడుచు. అడ్డుతెర పట్టడానికి ఇద్దరు. ఇద్దరు చాలరు, సముద్రపు గాలికి అది అడ్డుతెర కాదు తెరచాప, బలమైనవాళ్ళు నలుగురు కావాలి. హోమగుండానికి గాలి తగలకుండా చుట్టూ నిలబడడానికి ఎంత లావుపాటి చుట్టాలుంటే అంత మంచిదని పంతులుగారు మొహమాటం లేకుండా చెప్పారు. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మోసుకురావడానికి మేనమామ. అంటే నేను. కల్యాణమండపంలో పాలరాతి మీద అయితే ఎలాగో మోస్తాను గానీ పొడి ఇసకలో అడుగు అడుక్కీ దిగబడుతూ మోయాలంటే నాకు నలుగురు తోడుండాలి. మన పెద్దలు పెళ్ళి రాసేటప్పుడే ఏ చుట్టం లేకపోతే ఏ పని ఆగిపోవాలో చూసుకుని రాశారని నా అనుమానం.

దీనికి తోడు జాబితా లెక్కలొకటి. ఎనిమిదివందల మందిని పిలిచే పెళ్ళిలో ఎవర్నైనా మర్చిపోతే “పాపం, హడావిడిలో ఉండి ఉంటారు” అంటారు. పదిమందినే పిలిస్తే పదకొండోవాడు జీవితాంతం పదకొండోవాడే. అక్కయ్య ఒక పేరు కలిపినప్పుడల్లా వియ్యపురాలు గౌరవంగా రెండు కలిపింది.

లేచిపోవడం మనవాళ్ళకి కొత్తనుకోకండి. పెళ్ళికావలసిన పిల్లలచేత రుక్మిణీ కల్యాణం పారాయణ చేయిస్తాం కదా? ఇంట్లోంచి ఎలా వెళ్ళిపోవాలో అంత వివరంగా చెప్పే కథ ఇంకొకటి లేదు. అగ్నిద్యోతనుడి చేత ద్వారకకి కబురు పంపింది. ఊరిబయట గౌరీపూజకి వస్తాను, అక్కణ్ణుంచి తీసుకుపొమ్మంది. చోటూ వేళా అన్నీ ఆ పిల్లే నిర్ణయించింది. ఈ మాటే అంటే అక్కయ్యకి కోపం వచ్చింది, తనే మేనకోడలిచేత రోజూ చదివించింది మరి. ద్వారక కూడా సముద్రతీరమే. అయితే ఏమైంది? వెంటపడి వచ్చిన బావమరిదికి తల అక్కడక్కడా గొరిగి వదిలిపెట్టినంత ధైర్యవంతుడు కూడా ద్వారక చేరాక చుట్టాలందర్నీ పిలిచి, ఊరంతా అలంకరించి, శాస్త్రోక్తంగా పెళ్ళి చేసుకోక తప్పలేదు. కృష్ణుడి వల్ల కానిది బెంగళూరు సాఫ్ట్‌వేర్ కుర్రాడి వల్ల అవుతుందా?

పంతులుగారికి ఒక్క బెంగే ఉంది. ఇన్నేళ్ళూ ఆయన అరుంధతీ నక్షత్రాన్ని ఫంక్షన్ హాలు సీలింగు వైపు వేలు పెట్టి చూపించారు. దంపతులు ఫ్యాను వైపు చూసి కనిపించిందని తలూపారు. ఇప్పుడు లైట్లు కూడా లేని ఒడ్డున, మాఘమాసం తెల్లవారుజామున, ఉత్తరాన సప్తర్షులు నిక్షేపంగా కనిపిస్తుంటారు. వసిష్ఠుడి పక్కనున్న అరుంధతిని ఎవరైనా నిజంగా చూస్తానంటే? “మీరోసారి ఆ యాప్ ఏదో చూసి చెప్పండి, నేను వేలు పెడతాను” అన్నారు.

మొత్తం తొంభై ఆరు దగ్గర ఆగింది, పల్లెని లెక్కపెట్టకుండా. రెండు బస్సులు మాట్లాడాం. డ్రోన్ సంగతి ఫొటోగ్రాఫరునే కనుక్కోమన్నాం, తూర్పు నౌకాదళం ఉన్న ఊళ్ళో ముందు అడగకుండా ఏదీ గాల్లోకి ఎగరేయకూడదు. తెల్లవారుజామున మూడింటికి కాఫీలు, సూర్యోదయానికి ఇడ్లీ, ఉప్మా పెసరట్టు. అక్కడ రిసెప్షన్ వద్దని పిల్లలు గట్టిగా చెప్పారు కాబట్టి అది హైదరాబాదులో వేరే పెట్టుకుంటున్నారు.

పదిమందికి వాట్సాప్ చాలనుకున్నాం గానీ తొంభై ఆరుగురికి శుభలేఖ ఉండాలని వియ్యంకుడుగారు పట్టుబట్టారు. నిన్న ప్రెస్సుకి వెళ్ళాను. ‘సకుటుంబ సపరివార సమేతంగా’ దాకా అబ్బాయి తనే కొట్టేసి, వేదిక దగ్గర ఆగి నావైపు చూశాడు.

“సముద్రం” అన్నాను.

“అలా అంటే ఎలాగండి? ఏదైనా ల్యాండ్‌మార్క్ చెప్పండి” అన్నాడు.