రంగులక్కయ్య రాజ్యం

మన రంగులక్కయ్య సాఫ్ట్‌వేరు ఉద్యోగం మానేసి, నూలుకు చేత్తో రంగులు వేసి అమ్ముతుంది. మిగిలిన వేళల్లో మాంత్రికులూ మహారణ్యాలూ ఉన్న నవల రాస్తుంది. రెండింట్లో ఏది వృత్తి, ఏది ప్రవృత్తి అని వాళ్ళాయన్నడిగితే, “నెలాఖరులో చెబుతానండీ” అంటాడు.

హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో ఆవిడ ఇల్లు వెతుక్కోనక్కర్లేదు, వాసనే దారి చూపిస్తుంది. బాల్కనీలో బెల్లం, సున్నం వేసి పులియబెట్టిన నీలిమందు తొట్టి ఉంటుంది.

“ఏమ్మా, మీ ఇంట్లో ఎలుకేమైనా చచ్చిందా?” అంటుంది పక్క వాటా పిన్నిగారు.

“లేదు పిన్నిగారూ, తొట్టికి ప్రాణమొచ్చింది!”

నూలు చిలప ముంచి పైకి తీస్తే పసుపు కలిసిన ఆకుపచ్చలో వస్తుంది. గాలి తగిలిన కొద్దీ, చూస్తుండగానే, నీలమైపోతుంది. ఎన్నిసార్లు చూసినా ఆవిడ నోరు తెరుచుకుని నిలబడుతుంది. లోపల పాలు పొంగేది అప్పుడే.

రంగుల దగ్గర అంత కచ్చితమైన మనిషి ఇంకొకరుండరు. నూలు తూచందే, రంగు పట్టడానికి వేసే పటిక ముట్టదు. 100 గ్రాముల నూలుకు 15 గ్రాములు, అదీ ముందు కరక్కాయ కషాయంలో ఊరాకే. నవల దగ్గరికొచ్చేసరికి ఈ తూకాలన్నీ ఏమైపోతాయో! మాంత్రికుడు చిటికేస్తే కొండ లేస్తుంది. ఖర్చు లేదు, నానబెట్టడం లేదు. పటికకున్నపాటి లెక్క మంత్రానికీ ఉంటే మంచి నవలవుతుందన్నాను. ఆ పూట నాకు కాఫీ రాలేదు.

అసలు ప్రతిభంతా పేర్లు పెట్టడంలో ఉంది. కరక్కాయ పట్టిన నూలు మీద తుప్పు మేకులు నానిన నీళ్ళు ఒలికి నల్లబడిందనుకోండి (కలంకారీవాళ్ళు కావాలని చేసుకునే నలుపే అది), ఇంకొకరైతే నెత్తి కొట్టుకుంటారు. ఈవిడ “రాకాసి కాటుక” అని చీటీ కట్టి, ధర ఇంకాస్త పెంచుతుంది. మంజిష్ఠలో ఎర్రగా రావలసింది గులాబీగా తేలితే “యువరాణి అలక”. పసుపు ఎండకు వెలిసిపోతే “శాపగ్రస్త సూర్యుడు”. నవల్లోనూ ఇదే పద్ధతి. నాలుగో అధ్యాయంలో చచ్చిన సేనాపతి ఏడో అధ్యాయంలో గుర్రమెక్కితే అది పొరపాటు కాదు, పునర్జన్మ.

చిన్నప్పుడు బైండు చేసిన చందమామలు చదివి పెరిగిందట. తోకచుక్క, రాకాసిలోయ లాంటి సీరియళ్ళు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారి పేరు వాటితో పాటు పత్రికలో పడేది కాదు. ఈవిడ పేరు మాత్రం చిలప చీటీకి రెండువైపులా ఉంటుంది, “రచయిత్రి” అన్న బిరుదుతో సహా.

మొన్న రిటైరైన టీచరుగారొకావిడ వచ్చారు. “యువరాణి అలక”తో శాలువా అల్లుతుంటే అంచు దగ్గర నూలు చాల్లేదట.

“అదే రంగులో ఇంకొక్క చిలప ఇవ్వమ్మా.”

చేతిరంగులవాళ్ళను అడక్కూడనిది అదే. మంజీరా నీళ్ళ రోజున ఒక రంగు, బోరు నీళ్ళ రోజున ఇంకో రంగు. రంగులక్కయ్య కాసేపు తటపటాయించి, కాస్త ముదురు గులాబీ చిలప ఒకటి తీసింది.

“ఇది రెండో భాగం టీచరుగారూ. ఇందులో యువరాణికి పెళ్ళవుతుంది, అందుకే కాస్త రంగెక్కింది.”

టీచరుగారు చిలపను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశారు.

“పెళ్ళికొడుకెవరమ్మా?” అన్నారు.